ఏడేళ్ల నిరీక్షణ.. పాతికేళ్ల లెక్క
రబ్బరు రైతు ఆదాయం వంగడం ఒక్కదానితోనే తేలదు

రంపచోడవరం: వరి వేసిన రైతుకు నాలుగు నెలల్లో, పత్తి వేసిన రైతుకు ఆరేడు నెలల్లో ఫలితం తేలిపోతుంది. రబ్బరు నాటిన రైతు మాత్రం మొదటి చుక్క పాలు చూడటానికి దాదాపు ఏడేళ్లు ఆగాలి. ఈ ఏడేళ్లూ ఎరువులు వేయాలి, కలుపు తీయాలి, పశువుల నుంచీ వేసవి మంటల నుంచీ మొక్కలను కాపాడుకోవాలి. తోట నుంచి మాత్రం పైసా రాదు. ఆ తర్వాత పాతికేళ్ల పాటు చెట్టు పాలిస్తుంది. ఆ పాతికేళ్లలో ధర ఎప్పుడు ఎంత పలుకుతుందో మొక్క నాటే రోజున చెప్పగలిగినవారు లేరు.

రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో కొందరు గిరిజన రైతులు ఈ పంటను చేపట్టారు. జీడిమామిడితో పోలిస్తే మన్యానికి రబ్బరు కొత్త. అధిక దిగుబడినిచ్చే వంగడం చేతికిస్తే ఆదాయం దానంతట అదే పెరుగుతుందన్న భావన అటు అధికారుల్లోనూ ఇటు రైతుల్లోనూ కలగడం సహజం. అయితే శతాబ్దానికి పైగా రబ్బరు పండిస్తున్న కేరళ, పోడు కొండల మీద తోటలు పెంచిన త్రిపుర అనుభవాలు పరిశీలిస్తే విషయం అంత సులువుగా లేదు. మంచి వంగడం దిగుబడిని పెంచుతుంది. అది రైతు ఇంటికి రూపాయలుగా చేరాలంటే నిరీక్షణ కాలంలో ఆసరా, గీతలో నైపుణ్యం, సరకులో నాణ్యత, మార్కెట్లో ధర.. అన్నీ కలిసి రావాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలినవి అక్కరకు రావు.

284 కిలోల నుంచి 1,879 కిలోలకు

రబ్బరు చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులు. 1876లో అక్కడి విత్తనాలు లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి, అక్కడి నుంచి మొక్కలుగా సింహళానికి, ఇతర ఆసియా దేశాలకు చేరాయి. భారతదేశంలో వాణిజ్యపరంగా తొలి తోటను 1902లో కేరళలోని పెరియార్ నది ఒడ్డున తట్టెక్కాడ్‌లో వేశారు. స్వాతంత్య్రం వచ్చిన సంవత్సరమే రబ్బరు చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన రబ్బరు బోర్డు ప్రధాన కార్యాలయం కొట్టాయంలో ఉంది. 1955లో బోర్డుకు అనుబంధంగా పరిశోధన సంస్థ వెలిసింది.

1950-51లో దేశంలో హెక్టారుకు, అంటే రెండున్నర ఎకరాలకు సగటు దిగుబడి 284 కిలోలు మాత్రమే. అప్పటి తోటల్లో అధిక భాగం గింజ నాటి పెంచినవి. గింజతో వచ్చిన మొక్కల్లో ఒకటి బాగా పాలిస్తే పక్కనున్నది నామమాత్రంగా ఇస్తుంది. టెంక నాటి పెంచిన మామిడి తోటలో ఏ చెట్టు ఏ రుచి ఇస్తుందో తెలియని స్థితే ఇది. బాగా పాలిచ్చే చెట్టు నుంచి మొగ్గ తీసి, గింజతో పెంచిన మొక్క కాండానికి అంటు కడితే తల్లి చెట్టు గుణమే పిల్ల మొక్కకు వస్తుంది. ఇలా ఒకే తల్లి నుంచి అంట్ల ద్వారా విస్తరించిన సంతతినే క్లోన్ అంటున్నారు.

జావాకు చెందిన జిర్ 1, మలయాకు చెందిన జీఎల్ 1 అనే రెండు క్లోన్లను 1954లో సంకరపరచగా పుట్టిన సంతానంలో నుంచి ఎంపికైనదే ఆర్ఆర్ఐఐ 105. దీనిని రైతులకు విడుదల చేసింది 1980లో. సంకరం నుంచి విడుదలకు 26 ఏళ్లు పట్టింది. చెట్టు పెరగాలి, పాలివ్వాలి, ఏళ్ల తరబడి తూకం వేయాలి, ఆ తర్వాత వేర్వేరు నేలల్లో మళ్లీ నాటి చూడాలి. వరి వంగడాల మాదిరిగా నాలుగైదు సీజన్లలో తేల్చే పని కాదు. విడుదలైన రెండు దశాబ్దాల్లోనే కేరళ తోటల్లో అత్యధిక భాగాన్ని ఈ ఒక్క క్లోనే ఆక్రమించింది. జాతీయ సగటు దిగుబడి 1980-81లో 788 కిలోలు, 1990-91లో 1,076 కిలోలు, 2000-01లో 1,576 కిలోలుగా పెరుగుతూ వచ్చి 2006-07 నాటికి 1,879 కిలోలకు చేరింది. ప్రపంచ రబ్బరు దేశాల్లో అది ముందు వరుసలో నిలిచే దిగుబడి.

ఈ ఘనత అంతా క్లోన్‌దే అనడం సరికాదు. పాత చెట్లు నరికి కొత్త అంట్లు నాటడమంటే ఉన్న కొద్దిపాటి రాబడిని కూడా ఏడేళ్లు వదులుకోవడం. కేరళలో రబ్బరు సగటు కమతం అర హెక్టారుకు కాస్త ఎక్కువ మాత్రమే. అంత చిన్న రైతు తనంతట తాను ఆ సాహసం చేయలేడు. అందుకే 1957 నుంచే పాత తోటల స్థానంలో కొత్తవి నాటేందుకు రాయితీ పథకం మొదలైంది. 1980లో వచ్చిన రబ్బరు తోటల అభివృద్ధి పథకం చిన్న రైతుకు రాయితీని, బ్యాంకు రుణాన్ని, సాంకేతిక సలహాను ఒకే గొడుగు కిందకు తెచ్చింది. బోర్డు ఆమోదించిన క్లోన్ నాటితేనే రాయితీ అన్న నిబంధన ఉండటంతో కొత్త వంగడం ఊరూరా చేరింది. డబ్బు లేకపోతే మొక్క కదలదు, మొక్క మంచిది కాకపోతే డబ్బు వృథా. ఈ రెండూ ఒకేసారి అందటమే కేరళకు కలిసి వచ్చింది.

ఒకే వంగడం.. ఒకే ముప్పు

ఆర్ఆర్ఐఐ 105కు లోపాలూ ఉన్నాయి. అతిగా గీస్తే పట్టె ఎండిపోయి పాలు ఆగిపోయే రుగ్మత దీనికి త్వరగా సోకుతుంది. 1990ల చివరి భాగంలో కర్ణాటక తీర ప్రాంత తోటల్లో కోరినెస్పోరా అనే ఆకుతెగులు ఈ క్లోన్‌నే ఎక్కువగా దెబ్బతీసింది. ఈశాన్య రాష్ట్రాల చలిని కూడా ఇది అంతగా తట్టుకోదు. అక్కడ మలేషియాకు చెందిన ఆర్ఆర్ఐఎం 600 వంటివి మేలనిపించుకున్నాయి. వేలాది హెక్టార్లలో ఒకే తల్లి సంతతి ఉన్నప్పుడు తెగులు వస్తే అన్ని తోటలకూ వస్తుంది.

ఈ నేపథ్యంలో ఆర్ఆర్ఐఐ 105ను శ్రీలంకకు చెందిన ఆర్ఆర్ఐసీ 100తో సంకరపరచి 400 శ్రేణి క్లోన్లను రూపొందించారు. వీటిలో ఆర్ఆర్ఐఐ 414, 430లను 2005లో విడుదల చేశారు. పరీక్షల్లో ఇవి 105 కంటే ఎక్కువ పాలివ్వడమే గాక కాండం త్వరగా లావెక్కడం గమనార్హం. నేల నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తున కాండం చుట్టుకొలత 50 సెంటీమీటర్లకు చేరితేనే చెట్టు గీతకు సిద్ధమైనట్లు లెక్క. తోటలో దాదాపు 70 శాతం చెట్లు ఆ స్థాయికి వచ్చాక గీత మొదలుపెడతారు. త్వరగా లావెక్కే క్లోన్ వల్ల నిరీక్షణ కొన్ని నెలలు తగ్గినా చిన్న రైతుకు అది పెద్ద ఊరట. దిగుబడి గురించి చెప్పినంతగా ఈ సంగతిని రైతులకు చెప్పడం లేదు.

ఎక్కడ ఏ క్లోన్ నిలుస్తుందన్నది కొట్టాయంలో తేలే విషయం కాదు. వేడి, నీటి ఎద్దడి ఉన్న ప్రాంతాల కోసం మహారాష్ట్రలోని దాప్చరిలో, ఒడిశాలోని ధెంకనాల్‌లో పరిశోధన కేంద్రాలు ఏర్పాటయ్యాయి. ఏడాదిలో అధిక భాగం తడి ఉండే కేరళ కొండలకు, మార్చి నుంచి మే వరకు నేల నెర్రెలిచ్చే తూర్పు కనుమలకు తేడా ఎంతో ఉంది. అక్కడి నర్సరీలో దొరికిందన్న కారణంగా ఇక్కడ నాటే మొక్క ఇక్కడి వేసవికి తట్టుకుంటుందో లేదో నాటకముందే విచారించుకోవాలి.

తెల్లవారుజామున తేలే లెక్క

రబ్బరు పాలు చెట్టు లోపలి నుంచి రావు. బెరడులోని సన్నని నాళాల్లో ఉంటాయి. తెల్లవారుజామున చల్లదనంలో పాలు బాగా జారతాయి కనుక గీత ఆ వేళలోనే సాగాలి. వంపుగా ఉండే కత్తితో బెరడును ఏటవాలుగా, అట్ట మందాన పలుచగా చెక్కాలి. లోతు తక్కువైతే పాలు రావు. ఎక్కువైతే కత్తి కర్రకు తగిలి గాయమవుతుంది, అక్కడ కొత్త బెరడు సరిగా రాక పట్టె బుడిపెలు తేలుతుంది. తాటి గీతలో చేయి తిరిగినవారికి కూడా ఇది వేరే విద్యే. నేర్పు లేని చేయి ఒక్క ఏడాదిలో చేసిన నష్టం పదేళ్లు వెంటాడుతుంది. మొక్కల పంపిణీకి ఇచ్చే ప్రాధాన్యంలో సగమైనా గీత శిక్షణకు ఇవ్వకపోవడం ఈ పంటలో తరచూ జరిగే పొరపాటు.

ఇక్కడే ఆదాయం లెక్క మొదలవుతుంది. ఉదాహరణకు హెక్టారులో గీతకు వచ్చిన చెట్లు 350 ఉన్నాయనుకుందాం. రోజు విడిచి రోజు చొప్పున ఏడాదిలో 140 రోజులు గీస్తారనుకుందాం. చెట్టుకు రెండున్నర రూపాయల కూలి లెక్కన గీత ఖర్చే 1,22,500 రూపాయలు అవుతుంది. మంచి క్లోన్ 1,500 కిలోలు ఇస్తే, కిలో 240 రూపాయల ధర ఉన్నప్పుడు రాబడి 3,60,000 రూపాయలు. కూలి పోను 2,37,500 మిగులుతుంది. అదే ధర కిలో 100కు పడితే రాబడి 1,50,000, మిగులు 27,500 రూపాయలే. అందులోనే ఎరువులు, ఆమ్లం, వాన కాపు పాలిథీన్ ఖర్చులు సర్దుకోవాలి. ధర 58 శాతం తగ్గితే రైతు మిగులు 88 శాతం తగ్గిపోయింది. కూలి తగ్గదు కనుక ధర దెబ్బ అంతా రైతు వాటా మీదే పడుతుంది.

గింజ నాటిన పాత తోట 500 కిలోలు ఇస్తుందనుకుంటే కిలో 240 రూపాయల మేలిమి ధరలోనూ రాబడి 1,20,000 రూపాయలే. కూలికే చాలదు. కూలి పెట్టి గీయించే రైతుకు మంచి వంగడం తప్పనిసరి అని దీన్నిబట్టి స్పష్టమవుతోంది. అయితే మంచి వంగడం ఉన్నా ధర పడిపోయిన ఏడాది రైతును అది ఒడ్డున పడేయలేదు.

ఈ లెక్కలోని అంకెలు ఊహ కోసం తీసుకున్నవే అయినా ధరల హెచ్చుతగ్గులు ఊహ కాదు. 2000-01లో కొట్టాయంలో నాలుగో రకం షీటు ధర కిలో 30 రూపాయల దరిదాపుల్లో ఉండేది. 2011లో అది 240 రూపాయలు దాటింది. ఐదేళ్లు తిరక్కుండానే 2016 ఆరంభంలో 100 రూపాయల లోపునకు దిగజారింది. 2024 ఆగస్టులో మళ్లీ ఎగసి 2011 నాటి రికార్డును అధిగమించింది. 2011లో ధర చూసి మొక్క నాటిన రైతు గీత మొదలుపెట్టే నాటికి మార్కెట్ ఎలా ఉందో ఈ అంకెలే చెబుతాయి.

గీత మానేసిన తోటలు

ధర పడినప్పుడు కేరళలో జరిగింది గమనించదగినది. కూలి గిట్టుబాటు కాక చాలామంది రైతులు గీత మానేశారు. చెట్లు నిలువెత్తున ఉన్నాయి, పాలు ఉన్నాయి, గీసేవారు లేరు. చిన్న రైతుల కొత్త తరం ఉద్యోగాలకు, గల్ఫ్ దేశాలకు వెళ్లిపోవడంతో నైపుణ్యమున్న గీత కార్మికుల కొరత అప్పటికే ఉంది. రాబడిని కార్మికుడితో పంచుకునే పద్ధతి కూడా చాలాచోట్ల వచ్చింది. దేశ సగటు దిగుబడి 2015-16లో హెక్టారుకు 1,437 కిలోలకు తగ్గింది. వంగడం మారలేదు, నేల మారలేదు. ఎరువులు మానేయడం, ఆకురాలు తెగులుకు వానలకు ముందు చేయాల్సిన మందు పిచికారీ వదిలేయడం, ముదిరిన తోటలను మార్చకపోవడం దిగుబడిని కిందికి లాగాయి.

గీత ఖర్చు తగ్గించే మార్గాలను పరిశోధన సంస్థ సూచించింది. రోజు విడిచి రోజు బదులు మూడు రోజులకోసారి, వీలైతే వారానికోసారి గీయడం వాటిలో ముఖ్యమైనది. గీతల సంఖ్య తగ్గినప్పుడు పాల ధార కొనసాగేందుకు పట్టెపై ఎథెఫాన్ అనే ఉత్తేజకాన్ని నిర్ణీత మోతాదులో పూస్తారు. పై లెక్కలోనే 140 రోజులకు బదులు 100 రోజులు గీస్తే కూలి 87,500 రూపాయలకు తగ్గుతుంది. దిగుబడి పదో వంతు తగ్గి 1,350 కిలోలకు వచ్చిందనుకున్నా కిలో 100 రూపాయల ధరలో మిగులు 27,500 నుంచి 47,500 రూపాయలకు పెరుగుతుంది. పట్టె కూడా ఎక్కువ ఏళ్లు వస్తుంది. కొత్త వంగడం ఫలితం పాతికేళ్ల మీద కనిపిస్తే గీత పద్ధతి మార్పు ఆ ఏడాదే కనిపిస్తుంది. రైతులకు దీనిపై పెట్టే ఖర్చూ తక్కువే.

ధర భరోసా కోసం కేరళ ప్రభుత్వం 2015లో ఉత్పత్తి ప్రోత్సాహక పథకం తెచ్చింది. చిన్న రైతుకు కిలోకు 150 రూపాయలు దక్కేలా చూడటం దీని ఉద్దేశం. రబ్బరు బోర్డు ప్రకటించే రోజువారీ ధరకు, 150 రూపాయలకు మధ్య తేడాను అమ్మకం బిల్లుల ఆధారంగా రైతు బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఈ మద్దతు ధరను 2021లో 170కి, 2024లో 180కి, 2025లో 200 రూపాయలకు పెంచారు. కిలో 100 రూపాయలున్న రోజుల్లో 1,500 కిలోలు అమ్మిన రైతుకు ఈ తేడా 75,000 రూపాయలు. అంటే పై లెక్కలో 27,500 ఉన్న మిగులు లక్ష దాటుతుంది. అయితే ఈ పథకం కింద సొమ్ము అందడంలో జాప్యంపై రైతులు పలుమార్లు నిరసన తెలిపారు. తేడా సొమ్ము నెలల తర్వాత వస్తే కార్మికుడికి ఈ వారం కూలి ఎవరివ్వాలన్నది వారి ప్రశ్న. కాగితం మీద ఉన్న మద్దతుకు, చేతికి అందిన మద్దతుకు తేడా ఇదే.

కేంద్రం వైపు నుంచి చూస్తే దిగుమతులపై సుంకం మరో ఆసరా. 2023-24లో దేశంలో సహజ రబ్బరు ఉత్పత్తి సుమారు 8.57 లక్షల టన్నులు కాగా వినియోగం 14 లక్షల టన్నులు దాటింది. గిరాకీ ఇంత ఉన్నా ధర ఎందుకు పడిపోతుందన్న సందేహం కలగవచ్చు. సత్యవేడు సమీపంలోని చిన్నపాండూరులో, సదాశివపేటలో ఉన్న టైర్ల కర్మాగారాలకు రబ్బరు కొట్టాయం నుంచి వచ్చినా, విదేశీ రేవు నుంచి వచ్చినా ఒకటే. అంతర్జాతీయ ధర తగ్గితే దిగుమతి సరకు వస్తుంది, ఇక్కడి ధరను కిందికి లాగుతుంది. ముడి చమురు చౌకైతే కృత్రిమ రబ్బరూ చౌకవుతుంది. మిశ్రమ రబ్బరు పేరిట తక్కువ సుంకంతో సరకు వస్తోందన్న ఫిర్యాదుల నేపథ్యంలో 2023 బడ్జెట్‌లో దానిపై సుంకాన్ని 10 శాతం నుంచి, సహజ రబ్బరుతో సమానంగా, 25 శాతం లేదా కిలోకు 30 రూపాయలు, ఏది తక్కువైతే అది అన్న స్థాయికి పెంచారు.

పోడు కొండల మీద త్రిపుర ప్రయోగం

మన్యం రైతుకు కేరళ కంటే త్రిపుర దగ్గరి పోలిక. అక్కడి గిరిజనులు ఝూమ్ అని పిలిచే సాగు మన పోడు వంటిదే. 1960లలో అటవీ శాఖ నేల కోత నివారణకు నాటిన రబ్బరు మొక్కలు అక్కడ నిలదొక్కుకున్నాయి. అటు తర్వాత పోడు కుటుంబాలకు స్థిర జీవనోపాధిగా ఈ పంటను ఎంచుకున్నారు. రబ్బరు ఉత్పత్తిలో నేడు త్రిపురది కేరళ తర్వాతి స్థానం.

1990ల ఆరంభంలో రబ్బరు బోర్డు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ చేపట్టిన సామూహిక తోటల పథకం విశిష్టమైనది. ఒక్కొక్క కుటుంబానికి ఉజ్జాయింపుగా హెక్టారు చొప్పున, పక్కపక్కనే ఉన్న భూములను కలిపి ఒకే పెద్ద తోటగా నాటారు. మొక్కలు, ఎరువులు, కంచె, పర్యవేక్షణ బోర్డు చూసుకుంది. అసలు కీలకం మరొకటి ఉంది. తోట సొంతదారులైన కుటుంబాలకే ఆ తోటలో పనికి కూలి చెల్లించారు. గుంతలు తీసినా, కలుపు కోసినా, ఎండాకాలంలో మంటలు రాకుండా చుట్టూ గడ్డి చెక్కినా ఆ రోజు కూలి ఆ ఇంటికే చేరింది. గిరిజన కుటుంబం ఏడేళ్లూ తినడానికి మరో కొండ నరకాల్సిన అగత్యం తప్పింది. గీత వయసు వచ్చాక ఆ కుటుంబ సభ్యులకే శిక్షణ ఇచ్చి, పాలను ఒకేచోట సేకరించి షీట్లు చేసే ఏర్పాటు చేశారు.

ఈ పథకం లాభం ఎక్కడుందో పై లెక్కతో కలిపి చూస్తే తెలుస్తుంది. సొంత చేతితో గీసుకునే కుటుంబానికి 1,22,500 రూపాయల గీత కూలి బయటికి పోదు. ధర వందకు పడినా ఆ సొమ్ము ఇంట్లోనే ఉంటుంది. అందుకే ధర పడినప్పుడు కూలి మీద ఆధారపడిన రైతు గీత ఆపేస్తాడు, సొంతంగా గీసుకునే కుటుంబం కొనసాగిస్తుంది. రెండున్నర ఎకరాల గిరిజన కమతానికి ఉన్న బలం ఇది.

అలాగని త్రిపురలో అంతా సవ్యమేనని చెప్పలేం. కొండల మీద అడవి, తిండి పంటలు పోయి ఒకే పంట పరచుకోవడంపై ఆక్షేపణలు ఉన్నాయి. పోడులో ఒకే చేనులో వరి, కూరగాయలు, పప్పులు పండించుకున్న ఇల్లు ఇప్పుడు బియ్యం కొనుక్కుంటోంది. ధర పడిన ఏడాది ఆ ఇంటికి రబ్బరు తినడానికి పనికిరాదు. 2021లో టైర్ల పరిశ్రమ నిధులతో ఈశాన్య రాష్ట్రాల్లో ఐదేళ్లలో రెండు లక్షల హెక్టార్లలో కొత్త తోటలు వేసే పథకం ప్రారంభమైన నేపథ్యంలో ఈ చర్చ మరింత ప్రాధాన్యం సంతరించుకుంది.

షీటా? ముద్దా?

ఒకే చెట్టు పాలు రెండు ధరలకు అమ్ముడవుతాయి. పాలను వడకట్టి, నీళ్లు కలిపి, ఫార్మిక్ ఆమ్లంతో పళ్లెంలో పేరబెట్టి, రోలర్ల మధ్య నొక్కి, పొగ గదిలో ఆరబెడితే షీటు తయారవుతుంది. శుభ్రత, రంగు, బుడగలు, బూజు చూసి దానిని ఒకటి నుంచి ఐదు వరకు రకాలుగా విభజిస్తారు. ఈ శ్రమ పడలేని రైతు చెట్టుకు కట్టిన కప్పులోనే పాలను గడ్డకట్టనిచ్చి ఆ ముద్దను అమ్ముతాడు. తడి, మట్టి, బెరడు ముక్కలు కలిసిన ఆ ముద్దకు షీటు కంటే బాగా తక్కువ ధర వస్తుంది. తూకంలో తేమ ఎంత అన్నది కొనేవాడి మాటే. ప్రతి ఇంటికీ రోలరు, పొగ గది కట్టుకోవడం అయ్యే పని కాదు. అందుకే కేరళలో 1986 నుంచి రబ్బరు ఉత్పత్తిదారుల సంఘాలను ప్రోత్సహించారు. పది పదిహేను ఇళ్ల పాలు ఒకచోట చేరితే ఒక పొగ గది చాలు. సరకు ఒకే తీరుగా వస్తుంది, బేరమాడే బలం పెరుగుతుంది.

మన్యంలో రబ్బరు వేసిన పల్లెలకు ఇదే ముఖ్య సమస్యగా మారే అవకాశం ఉంది. తోటలు చెదురుమదురుగా, కొండ కొండకు దూరంగా ఉన్నప్పుడు పాలు మధ్యాహ్నం లోగా కేంద్రానికి చేరకపోతే దారిలోనే గడ్డకడతాయి. సరకు కొద్దిగా ఉన్నచోటికి పెద్ద వ్యాపారి రాడు. వచ్చిన ఒక్క దళారి చెప్పిందే ధర. పాడేరు ప్రాంతంలో కాఫీకి గిరిజన సహకార సంస్థ కొనుగోలుకు దిగిన తర్వాత దళారుల పట్టు సడలిన తీరు ఇక్కడివారికి తెలియనిది కాదు. రబ్బరుకు అటువంటి కొనుగోలు ఏర్పాటు మొక్కలు నాటే దశలోనే ఆలోచించాలి. ఏడేళ్ల తర్వాత ఆలోచిస్తే మొదటి ఏడాది పాలు దళారి పాలే.

మరో చిక్కు భూమి కాగితం. షెడ్యూల్డు ప్రాంతాల్లో 1/70 చట్టం గిరిజన భూమికి రక్షణగా నిలుస్తోంది. ఆ భూమిని బ్యాంకులు తనఖాగా అంగీకరించడానికి వెనకాడటం దాని మరో పార్శ్వం. 2006 అటవీ హక్కుల చట్టం కింద పొందిన భూమిని అమ్మడానికి వీల్లేదు. అంటే ఏడేళ్ల పెట్టుబడికి బ్యాంకు రుణంపై ఆశలు పెట్టుకోవడం ఇక్కడ కష్టం. కేరళ రైతుకు రాయితీ అనేది రుణానికి తోడు. మన్యం రైతుకు రాయితీయే మొత్తం పెట్టుబడి. రాయితీ విడత ఒక ఏడాది ఆలస్యమైతే కేరళ రైతు అప్పు చేసి ఎరువు వేస్తాడు, ఇక్కడ మొక్క గిడసబారుతుంది. గిడసబారిన మొక్క ఏడేళ్లకు బదులు తొమ్మిదేళ్లకు గీతకు వస్తుంది. ఏ క్లోన్ నాటినా అంతే.

నిరీక్షణ కాలంలో ఆదాయానికి అంతర పంటలు ఉపకరిస్తాయి. కొమ్మలు కమ్ముకునే దాకా, అంటే మొదటి మూడేళ్లు అరటి, అనాస, పసుపు, అల్లం, కంద వంటివి వరుసల మధ్య పండుతాయి. ఆ తర్వాత నీడ ముదిరి అవి రావు. నాలుగో ఏడు నుంచి ఏడో ఏడు దాకా ఉన్న కాలమే అసలైన గడ్డుకాలం. తొలి రెండేళ్లలో ఉత్సాహంగా సాగే పథకాలు చాలావరకు చల్లబడేది కూడా సరిగ్గా ఆ కాలంలోనే. వరుసల మధ్య పప్పుజాతి తీగ పెంచితే నేల తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, నత్రజని దక్కుతుంది. వేసవిలో ఎండిన తీగకు నిప్పంటుకునే ప్రమాదం ఉన్నందున తోట చుట్టూ గడ్డి లేకుండా బాట చెక్కాలి. తేనెటీగల పెట్టెలు మరో ఆదరువు. రబ్బరు ఆకు కాడల దగ్గర ఊరే తీపి రసం కోసం తేనెటీగలు వస్తాయి. కన్యాకుమారి ప్రాంతంలో తేనె పరిశ్రమ చాలావరకు రబ్బరు తోటల మీదే నడుస్తోంది. పాలు తగ్గిన ముదురు చెట్టును కలపగా అమ్ముకోవచ్చు. శుద్ధి చేసిన రబ్బరు కలపతో గృహోపకరణాలు తయారుచేస్తారు.

మొక్క కొనేముందు

కేంద్ర ప్రభుత్వం 2024లో రబ్బరు రంగ అభివృద్ధి పథకం కేటాయింపులను 576.41 కోట్ల రూపాయల నుంచి 708.69 కోట్లకు పెంచింది. సంప్రదాయేతర ప్రాంతాల్లో హెక్టారుకు 50 వేల రూపాయల విలువైన మొక్కలను బోర్డు ద్వారా సరఫరా చేసే అంశం కూడా అందులో చోటుచేసుకుంది.

మొక్క ఎవరిచ్చినా తీసుకునే ముందు రైతు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అంటు ఎక్కడ కట్టారో కాండం మొదట్లో మచ్చ స్పష్టంగా కనిపించాలి. ఆ మచ్చ కింది నుంచి వచ్చిన చిగురు గింజ మొక్కది, దానిని తుంచేయాలి. సంచిలోని మొక్కకు ఆకుల అంతస్తులు రెండైనా ముదిరి ఉండాలి, లేత ఆకులతో ఉన్నప్పుడు బండి కుదుపులకు తట్టుకోదు. క్లోన్ పేరు, నర్సరీ గుర్తింపు రాసిన కాగితం అడిగి తీసుకుని పట్టా పుస్తకంతో పాటు దాచుకోవాలి. వరి విత్తనం నకిలీ అయితే నాలుగు నెలల్లో తెలిసిపోతుంది, పరిహారం అడగవచ్చు. రబ్బరు మొక్క అసలుదో కాదో చెట్టు గీసిన రోజునే తెలుస్తుంది.